ఎర్ర జెర్సీలు విప్పిన రోజు

నిరుడు ఆడిన ప్రతి ఆటా ఓడిపోయిన కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టది. కొత్తగా వచ్చిన కోచ్ హార్లన్ సగంమందిని ఇంటికి పంపేసి, మిగిలినవాళ్ళతో మళ్ళీ పునాదినుంచి కట్టడం మొదలుపెట్టాడు. ఆగస్టు సగమైనా ఒక్కటి మాత్రం తేలలేదు. క్వార్టర్‌బ్యాక్ ఎవరు? బంతి అందుకుని, ఎవరికి విసరాలో రెప్పపాటులో తేల్చుకుని ఆటంతా నడిపేవాడు వాడే. పోటీలో ఇద్దరు మిగిలారు. ఆఖరి ఏడాదిలో ఉన్న టక్కర్ ఒకడు, హైస్కూల్ అప్పుడే దాటివచ్చిన డెష్వాన్ ఇంకొకడు.

శనివారం మధ్యాహ్నం టెక్సాస్ ఎండ మాడు పగలగొడుతుంటే, హార్లన్ ఆ ఇద్దర్నీ మైదానం మధ్యకి పిలిచాడు.

"ఆ ఎర్ర జెర్సీలు విప్పండి."

ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్‌లకి ఎర్ర జెర్సీ తొడుగుతారు. అది ఒంటిమీదున్నంతసేపూ వాళ్ళని ఎవరూ కొట్టకూడదు.

"ఎవడు పడి లేచి మళ్ళీ బంతి విసురుతాడో వాడే నావాడు," అని హార్లన్ డిఫెన్స్ కుర్రాళ్ళవైపు తిరిగాడు. "మీలో ఎవడైనా మొహమాటపడ్డాడో, లాకర్ ఖాళీ చేసుకుని పోవచ్చు."

ఆ కుర్రాళ్ళలో సృజన్ ఒకడు. క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికి పడగొట్టడమే డిఫెన్స్‌లో అతని పని. టెక్సాస్‌లోనే ప్లేనో ఊళ్ళో పుట్టిపెరిగిన కుర్రాడు, దున్నపోతులాంటి ఒళ్ళు. టక్కర్ మూడేళ్ళుగా అతని రూమ్‌మేట్. సెలవులకి వాళ్ళింటికొచ్చి, సృజన్ తల్లి రేణు చేసిన గుత్తివంకాయ కూర గిన్నెతో సహా నాకేసేవాడు. ఆ రేణు ఇప్పుడు గ్యాలరీలో కూర్చుని చూస్తోంది.

టక్కర్ పక్కనుంచి వెళుతూ ఆగాడు. "నన్ను చూసి స్లో అయ్యావో, నీ మొహం చూడను."

"నోర్మూసుకుని బంతి విసురు," అన్నాడు సృజన్.

ముందు డెష్వాన్ వంతు. బంతి చెయ్యి దాటేలోపే సృజన్ వాణ్ణి నడుం దగ్గర గుద్ది నేలకేసి కొట్టాడు. ముక్కునుంచి రక్తం కారుతుంటే వాడు ఉమ్మేసి లేచాడు. రెండోసారి పడ్డప్పుడు మోకాళ్ళమీద వంగి, తిన్నదంతా కక్కుకున్నాడు. మూతి తుడుచుకుని లేచి, మైదానం ఆ కొసకి బంతి విసిరాడు.

తరువాత టక్కర్. సృజన్ దూసుకెళ్ళాడు గాని, ఆఖరి అంగలో ఒళ్ళు దానంతటదే సడలిపోయింది. గుద్దాల్సినవాడు వాటేసుకున్నాడు. హార్లన్ పరుగెత్తుకొచ్చి అతని హెల్మెట్ కమ్మీలు పట్టుకుని గుంజాడు.

"వాడు తట్టుకుంటాడో లేదో నాకెలా తెలుస్తుంది? వాడి ఛాన్స్ పాడుచేస్తున్నది నువ్వే!"

టక్కర్ చూసిన చూపు అంతకన్నా మండింది.

ఈసారి సృజన్ ఆగలేదు. ఎముక విరగడం అతని చెవికంటే ముందు భుజానికి తెలిసింది. టక్కర్ పెట్టిన కేక గ్యాలరీదాకా పోయింది. అయినా లేచాడు. ఎడమచెయ్యి ఊడిపడేలా వేలాడుతోంది.

"కాలర్‌బోన్ పోయింది, టక్. బయటికి పో," అన్నాడు సృజన్.

"విసిరేది కుడిచేత్తో."

"ఆడతావా?" హార్లన్ అరిచాడు.

"ఆడతా!"

వచ్చిన బంతిని టక్కర్ ఒంటిచేత్తో గుండెకి అదుముకున్నాడు. సృజన్‌కి ఎదురుగా దారి ఖాళీ. అప్పుడే రెండోవైపునుంచి బూన్ కనిపించాడు. డిఫెన్స్‌లో అందరికన్నా బరువైనవాడు, తల వంచుకుని ఆ విరిగిన భుజం మీదికే వస్తున్నాడు. టక్కర్ చెయ్యెత్తి దూరంగా చూస్తున్నాడు. సృజన్ పక్కకి తిరిగి, తన డిఫెన్స్‌వాడే అయిన బూన్‌ని గుద్దేశాడు.

ఇద్దరూ కలిసి టక్కర్ కాళ్ళమీద కూలారు. బంతి జారిపోయింది. బూన్ లేస్తూనే సృజన్ హెల్మెట్ ఊడబెరికి, పిడికిలితో మొహం మీద గుద్దాడు. సృజన్ వాడి గొంతు పట్టుకున్నాడు. విడదీయడానికొచ్చినవాళ్ళు తామూ కలబడ్డారు. అందరినీ లాగి పడేసేసరికి సృజన్ కనుబొమ చీలి, ఓ కంట్లోకి రక్తం కారుతోంది.

"డెష్వాన్ నా క్వార్టర్‌బ్యాక్," అన్నాడు హార్లన్. సృజన్‌వైపు చూడకుండానే, "నువ్వు లాకర్ ఖాళీ చెయ్," అన్నాడు.

అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా రేణు తనే ఇద్దర్నీ కార్‌లో హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది.

"మనింట్లో అన్నం తిన్నవాడు కదరా! చెయ్యెలా వచ్చింది నీకు?"

"అమ్మా, దట్స్ మై జాబ్. వాడే కొట్టమన్నాడు."

"వాడు నూతిలో దూకమంటే దూకుతావా?"

వెనకసీట్లోంచి టక్కర్ పళ్ళు బిగబట్టి అడిగాడు. "ఆంటీ ఏమంటున్నారు?"

"నిన్నెందుకు కొట్టానని."

"కొట్టినందుకు నాకేం కోపం లేదని చెప్పు." కారు గతుకులో పడితే మూలిగి, మళ్ళీ అన్నాడు. "ఆ చివర మనవాడి దగ్గర అడ్డుకునేవాడెవడూ లేడు. విసిరేసేవాణ్ణి. ఆ చోటు నాదయ్యేది. నువ్వు లాగేసుకున్నావు."

"బూన్ వస్తున్నది నువ్వు చూడలేదురా."

"చూశాను."

రేణుకి ఇంగ్లీషు బాగానే వచ్చు. ఆమె అద్దంలో టక్కర్‌ని ఓసారి చూసి, కారు వేగం పెంచింది.

టక్కర్ భుజంలో ప్లేట్ వేశారు. హాస్పిటల్‌నుంచి వచ్చాక వాడు రూమ్ మారిపోయాడు. సృజన్ చేసిన ఫోన్లకి జవాబు రాలేదు.

మొదటి ఆట నాడు సృజన్ ప్లేనోలో, సోఫాలో కూర్చుని టీవీలో చూశాడు. ఎదుటి జట్టువాళ్ళిద్దరు కలిసి డెష్వాన్‌ని నేలకేసి కొడితే, వాడు చాలాసేపు లేవలేదు. మైదానం గీత అవతల టక్కర్ మెడకి వేలాడే స్లింగ్‌లో చెయ్యి పెట్టుకుని నిలబడి, మెడనరాలు పొంగేలా వాడికేదో అరిచి చెబుతున్నాడు.

"అది ఆపెయ్యరా," అంది రేణు.

సృజన్ ఆపలేదు.