పావు కూడా లేని బీపీ

మంచి మార్కులొస్తే నాకు నోరు ఆగదు. తిరుత్తణి స్కూల్లో ప్రెషర్ లెక్కలకు ఇరవైకి ఇరవై వచ్చిన రోజు, పొదటూరుపేటలో బస్సు దిగి ఇంటికొచ్చీ రాగానే, మగ్గం మీదున్న మా అవ్వ తిరుమలమ్మకు పాఠం మొదలుపెట్టాను. గాలి మనల్ని ఏడువందల అరవై మిల్లీమీటర్ల పాదరసమంత నొక్కుతుందనీ, దాన్నే ఒక అట్మాస్ఫియర్ అంటారనీ చెప్పాను.

"నా బీపీ గూడా ఆ మిల్లీమీటర్లే గదా పాపా?" అంది అవ్వ.

అవ్వది నూట ఎనభై అని డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. ఏడువందల అరవైతో భాగించాను. "సున్నా పాయింట్ రెండు నాలుగు అట్మాస్ఫియర్. గాలిలో పావు కూడా లేదవ్వా!"

"దీనికా ఆ డాక్టరమ్మ సుమ్మా ఊరికే బయపెట్నాది!" అవ్వ ముఖం విచ్చుకుంది. నాకు ఎంత గొప్పగా ఉండిందో.

రెండు వారాల తర్వాత ఆ గొప్పే క్లాసులో చెప్పాను. మురళీధరన్ సార్ నవ్వలేదు.

"బీపీ మెషిన్ చేతికి కట్టకముందు ఎంత చూపిస్తుంది?"

"సున్నా సార్."

"అప్పుడు గదిలో గాలి లేదా?"

అప్పుడు తెలిసింది నాకు. ఆ మెషిన్ గాలిని వదిలేసి, దానికి పైనున్నదే చూపిస్తుంది. అవ్వది ఏడువందల అరవైలో పావు కాదు, ఏడువందల అరవై కాక ఇంకో నూట ఎనభై. నాలుగు రోజులుగా అవ్వ తలనొప్పి అంటోంది.

సాయంత్రం బస్సు దిగగానే ఇంటికి పరిగెత్తాను. "అవ్వా, మాత్ర వేసుకుంటున్నావా?"

"యాడ? నువ్వు పావు గూడా లేదన్న దినమే ఆపేసినా."

తప్పు చెప్పానని ఎలా అనాలో తెలియక, పడుగు పోగులు బిగువుగా ఉండేందుకు మగ్గానికి వేలాడదీసిన ఇసుక మూట చూపించాను. "ఇదెంత బరువు?"

"అయిదు కిలోలు."

"మగ్గం బరువు కూడా కలిపేనా?"

"మగ్గం బరువు ఎవురు లెక్కేస్తారే? మనం కట్టిందే చెప్తాం."

"డాక్టరమ్మ లెక్కా అంతే అవ్వా. గాలి మగ్గం. నూట ఎనభై మూట."

అవ్వ చేతిలో పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆగింది. "అంత మూట కడితే పోగు తెగిపోతాది గదే," అంది మెల్లగా.

నేను ఏడ్చేశాను. అవ్వ చీర సర్దుకుని, నా చెయ్యి పట్టుకుని క్లినిక్కుకు బయల్దేరింది. మెషిన్ రెండువందలు చూపించింది. డాక్టరమ్మకు కోపం వచ్చింది.

"మాత్రలు ఎవరు ఆపమన్నారమ్మా?"

నేను నోరు తెరిచేలోగా అవ్వ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"ఎవురూ అన్లేదమ్మా. నేనే మర్సిపోయినా."