మూడో సొరుగు

పాత సామాన్ల కొట్టులో పెద్దాయన ఆ రోజు తన కుర్చీలో కూర్చోలేదు. వచ్చిన సరుకుకు విలువ కట్టే కుర్చీ అది. ముప్పై ఏళ్లుగా ఆయన తప్ప ఇంకొకరు ఎక్కని ఆ కుర్చీలో మొదటిసారి కూతురు కూర్చుని ఉంటే, ఆయన గుమ్మం పక్కన స్టూలు మీద చేరి ఊరికే మోకాళ్లు రుద్దుకుంటున్నాడు.

ఆమె ముందు చిన్న టేకు రాతబల్ల. సన్నటి కాళ్లు, కుడిపక్క ఒకదాని కింద ఒకటి మూడు సొరుగులు. కొనడానికి వచ్చిన పళ్ల డాక్టరమ్మది ఒకటే షరతు.

"నాకు అసలుదే కావాలి. కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు. మీ కొట్టులో అబద్ధం చెప్పరని విని వచ్చాను."

ఆ మాటకు పెద్దాయన మోకాళ్లు రుద్దుకోవడం ఆపేశాడు.

ఎందుకంటే మూడో సొరుగు ఆయన చేసిందే. వయసులో ఉండగా, వేరే షావుకారు దగ్గర కూలికి వడ్రంగం చేసే రోజుల్లో, చెదలు తిన్న సొరుగు తీసేసి కొత్తది పెట్టాడు. "బ్రహ్మదేవుడు దిగొచ్చినా కనిపెట్టకూడదు" అన్నాడు షావుకారు. పాత తలుపు చెక్క కోసి పన్నెండు రోజులు కూర్చుని అలాగే చేశాడు. బల్ల మొత్తం అసలుదేనని షావుకారు అమ్మేసుకున్నాడు. తర్వాత అది నాలుగు చేతులు మారింది. ముగ్గురు ఉద్దండులు విలువ కట్టారు, ఒక్కడూ పట్టలేదు. మొన్న సోమవారం అదే బల్ల ట్రాలీ ఆటోలోంచి ఈయన గుమ్మం ముందే దిగింది. చూడగానే గుర్తుపట్టాడు గానీ కూతురికి చెప్పలేదు. చెబితే ఇంక పరీక్షేముంటుంది?

ఇప్పుడు ఆ తెలివితేటలకే తల పట్టుకున్నాడు. ఆమె కనిపెట్టలేకపోతే తనే నోరు విప్పాలి. విప్పితే కూతురి మొదటి మాటే తప్పని కొనేవాళ్ల ముందు తేలిపోతుంది. విప్పకపోతే తనూ ఆ షావుకారూ ఒక తాను ముక్కలే. అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంది. ముగ్గురు ఉద్దండులు ఓడిన చోట ఈ పిల్లా ఓడితే బాగుండునని ఆయన లోపలి వడ్రంగి కోరుకుంటున్నాడు.

కూతురు మూడు సొరుగులూ లాగి నేల మీద బోర్లించింది. పళ్లు పళ్లుగా కోసి అతికిన మూలల్ని గోటితో గీకి చూసింది.

"పళ్లు బాగానే ఉన్నాయండీ."

"నా దగ్గరికొచ్చేవాళ్లూ అదే అంటారు," అంది డాక్టరమ్మ. "నోరు తెరిచాక తెలుస్తుంది సంగతి."

కూతురు నవ్వి, కళ్లు మూసుకుని మొదటి సొరుగు అడుగున అరచేత్తో నిమిరింది. రెండోదీ నిమిరింది. మూడోదాని మీద చెయ్యి ఆగింది. మళ్లీ మొదటికి వెళ్లి వచ్చింది. పెద్దాయన స్టూలు అంచుకు జరిగాడు.

"ఈ ఒక్కటీ అసలుది కాదండీ. తర్వాత చేసింది."

"మూడూ ఒక్కలాగే ఉన్నాయి కదమ్మా!"

"చెయ్యి పెట్టి చూడండి. ఆ రెండింటి అడుగూ గరుగ్గా ఉంటుంది, చిత్రిక పట్టిన గీతలు తగుల్తాయి. కనపడని చోట నునుపు చేసే తీరిక ఆ కాలంవాళ్లకి లేదు. దీన్ని చేసినాయన అడుక్కి కూడా ఉప్పుకాగితం పట్టాడు. దొంగపని ఎవరు చేయించారో గానీ, అరకొర పని మాత్రం ఆ చేతికి రాదు. అక్కడే దొరికిపోయాడు."

ఓడిపోతే ఇంత గర్వంగా ఉంటుందని పెద్దాయనకు ఆ వయసుదాకా తెలియదు. లేచి వీధిలో నలుగురినీ పిలిచి చెప్పాలనిపించింది.

"ధర మూడోవంతు తగ్గిస్తానండీ. వద్దన్నా ఫర్వాలేదు," అంది కూతురు.

డాక్టరమ్మ ఆ నున్నటి చెక్కను చాలాసేపు నిమిరింది. "తీసుకుంటాను. కానీ చీటీలో ఉన్నదున్నట్టు రాయి. ఎవరు చేశారో తెలిస్తే అదీ రాయి."

"అదెలా తెలుస్తుందండీ..."

"నేనే," అన్నాడు పెద్దాయన లేచి నిలబడి. "అది నా చెయ్యేనమ్మా."

కూతురు గిరుక్కున తిరిగింది. "సోమవారం నుంచీ తెలిసే ఊరుకున్నావా నాన్నా? నేను తప్పు చెప్పి ఉంటే?"

"చెప్పలేదుగా!"

ఆమె చీటీ లాక్కుని, పళ్లు కొరుకుతూనే రాసింది. రాసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లనిండా నీళ్లు, ఒక్క అక్షరం ఆనడం లేదు.

"చదివి పెట్టు."

"రెండు సొరుగులు పాతవి, చేసినవారు తెలియదు. మూడోది చేసింది మా నాన్న."

"మళ్లీ చదువు," అన్నాడాయన. "ఆ చివరి మాట కాస్త గట్టిగా."