ఆ పెళ్ళిలో వండింది ఎవరు

రాత్రి నానేసిన అనపగింజల బేసిను ముందు పెట్టుకుని సుబ్బక్క ఒక్కొక్క గింజే వేళ్ళ మధ్య నొక్కుతోంది. తోలు చేతిలో మిగిలి, పప్పు గిన్నెలో పడుతోంది. పితకపప్పు పులుసంటే ఆ ఇంట్లో అందరికీ ప్రాణమే. పితికేవాళ్ళకి మాత్రం సాయంత్రానికి బొటనవేలు మనది కాకుండా పోతుంది. ఎదురుగా గోడకానుకుని ఆమె కోడలు పుష్పావతి నవల పైకి చదువుతోంది. ఒక రోజు కోడలు చదివి అత్త పితికితే, మరుసటి రోజూ కోడలే చదవాలి, ఎందుకంటే అత్తకు చదవడం రాదు. మిగతా పనులు పుష్పావతి ఎక్కువ చేసి ఆ లెక్క సరిపెడుతుంది. నవల్లో జమీందారుగారి కూతురి పెళ్ళి నాలుగు రోజులు జరిగింది. అంబారీలు, మేజువాణీలు, అరిటాకుల్లో పదహారు రకాలు, అన్నీ అయ్యాయి. పెళ్ళికూతురు పల్లకీ ఎక్కబోతుంటే సుబ్బక్క చెయ్యి ఆపింది.

"ఏమ్మా, మున్నూరు మంది నాలుగు దినాలు తిన్నారంటివి. వండింది ఎవురు?"

పుష్పావతి నవ్వింది. నవ్వుతూనే పేజీలు వెనక్కి తిప్పింది. పదకొండు పేజీల పెళ్ళిలో ఏనుగుకు పేరుంది, సన్నాయి వాయించినవాడికి పేరుంది, ఆఖరికి జమీందారుగారి పొన్నుకర్ర ఏ ఊళ్ళో చేసిందో కూడా ఉంది. పొయ్యి దగ్గర మనిషి లేదు. ఎంగిలాకులు ఎత్తిన చెయ్యి లేదు.

"ఎవరూ లేరత్తా."

"మరి దయ్యాలు వండినాయా?" అని సుబ్బక్క మళ్ళీ గింజ అందుకుంది.

ఆ మధ్యాహ్నం ఆవులు మేతకు పోయాక పుష్పావతి కంప్యూటరు ముందు కూర్చుని అదే రాసింది. "ఈ నవల చదువుతుంటే నాకొక ప్రశ్న తోచింది. ఆ పెళ్ళిలో వండింది ఎవరు?" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాసి తన బ్లాగులో పెట్టేసింది. రెండు రోజుల్లో నలభై ఆరు మంది జవాబు రాశారు. అప్పటిదాకా ఆమె బ్లాగుకు వచ్చిన జవాబులన్నీ కలిపినా అందులో సగం ఉండవు. ఇది రెండువేల ఏడు డిసెంబరు మాట.

ఆమెది కుప్పం దగ్గర పల్లె, పదో తరగతి దాకా తెలుగులోనే చదివింది. తొంభై నాలుగులో పెళ్ళయి తమిళనాడులోని కెలవరపల్లి డ్యాము పక్కనున్న ఈ ఊరికి వచ్చాక గానీ తెలియలేదు, ఇంటిల్లిపాదీ మాట్లాడేది తెలుగే అయినా అక్షరం ఒక్కరికీ రాదని. మొగుడు పురుషోత్తం హోసూరు ఫ్యాక్టరీలో సూపర్వైజరు, చదివింది తమిళం. కూతురు రంజిత చదివేదీ తమిళమే. అత్తది వేలిముద్ర. పుట్టింటినుంచి తెచ్చుకున్న పుస్తకాల పెట్టె మీద పన్నెండేళ్ళు రాగుల మూట కూర్చుంది. మామ ముత్తప్ప బతికున్నన్నాళ్ళూ కోడలి చేతిలో పుస్తకం కనబడితే చాలు, "ఏమ్మా, రేపు పరీక్ష ఉండాదా?" అనేవాడు. ఆయన పోయిన ఏడు సుబ్బక్కే ఒకరోజు ఆ మూట జరిపింది. "ఏముండాదో చదువు, వింటాను. చేతులకి పనుండాది, చెవులు ఊరికే ఉండాయి" అంది.

కంప్యూటరు రంజిత కోసమని పురుషోత్తం తెచ్చిన పాతది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుందని తెలిసిన రోజు పుష్పావతి తన పేరు తానే ఇరవైసార్లు కొట్టుకుని చూసుకుంది. చదివిన పుస్తకం గురించి నాలుగు మాటలు రాసుకోవడం అలా మొదలైంది. బ్లాగులోకంలో రాసినదాన్ని టపా అనాలనీ, జవాబును వ్యాఖ్య అనాలనీ నేర్చుకుంది. ఎక్కడో కాకినాడలో, ఎక్కడో దుబాయిలో కూర్చున్న మనుషులు తను చెప్పింది చదివి "అవునండీ, నాకూ అలాగే అనిపించింది" అంటే ఆ రోజు పేడ ఎత్తుతున్నా ఒళ్ళు తేలిగ్గా ఉండేది. పదమూడేళ్ళలో ఆ ఇంట్లో ఆమెను "నీకేమనిపించింది?" అని అడిగినవాళ్ళు లేరు మరి. ఉప్పు సరిపోలేదని చెప్పేవాళ్ళే గానీ.

తలనొప్పులకూ కొదవలేదు. సగం టపాలో కరెంటు పోయేది. తమిళనాడులో ఆ రోజుల్లో కరెంటు ఉండటమే వార్త. వ్యాఖ్య పెట్టాలంటే మనిషో కాదో తేల్చడానికి వంకర అక్షరాలు కొట్టమంటోంది, అది తీసెయ్యండి అని వ్యాఖ్య పెట్టేవాళ్ళు కొందరు. పేరు చెప్పని ఒకడు "మీ తెలుగు అరవవాసన కొడుతోంది" అని రాశాడు. ఇంకొకడు "ఇంత బాగా రాసేది ఆడవాళ్ళై ఉండరు" అని మెచ్చుకున్నాడు. ఇక ఇంట్లో పురుషోత్తం. "నీ బ్లాగు చదివేవాళ్ళు వచ్చి మన కొట్టంలో పేడ ఎత్తుతారా?" అన్నది ఆయన రోజూ అనే మాట. అన్నంలోకి పెరుగు వేసుకున్నంత అలవాటుగా అనేవాడు, కోపం కూడా ఉండేది కాదు. ఆ కోపం లేకపోవడమే పుష్పావతికి మండేది.

ఆ పెళ్ళి టపా తర్వాత బ్లాగుకు ఒక పేరొచ్చింది. ఏ గొప్ప నవలనైనా ఈవిడ వంటింటి వైపునుంచి చూస్తుంది అన్నారు. నాయకుడు రెండేళ్ళు ఉద్యమంలోకి పోయి వస్తే, "ఆ రెండేండ్లు ఎద్దుల్ని ఎవురు మేపినారు?" అని అడిగింది సుబ్బక్క. ప్రేమ చెడి నాయిక మూడు నెలలు కిటికీ పక్కన కూర్చుని కన్నీరు కారిస్తే, "అంత తీరికగా ఏడ్చేదానికి ఆయమ్మకి పనిమనిషి ఉండాదా?" అంది. కవి గారింట్లో అర్ధరాత్రి వచ్చిన పదిమంది అతిథులకు కాఫీలు వస్తే, "పాలు ఆ పొద్దు పితికినారా? ఆవు ఊరుకునిందా?" అంది. ఇవన్నీ టపాల్లోకి ఎక్కాయి. "నాకు తోచింది", "నాకు అనుమానం వచ్చింది" అని ఎక్కాయి.

పెళ్ళి టపాలో మొదట "మా అత్త అడిగింది" అనే కొట్టింది పుష్పావతి. తర్వాత చెరిపేసింది. చదువురాని ముసలామె మాటంటే జనం నవ్వి ఊరుకుంటారేమోనని చెరిపానని అప్పుడు తనకు తాను చెప్పుకుంది. అసలు సంగతి వేరు. ఇల్లు వాళ్ళది, ఆవులు వాళ్ళవి, కూతురు పేరు ముందుండే తండ్రి పేరు అక్షరం వాళ్ళది. తనదంటూ ఉన్నది ఆ తెరమీద జానెడు చోటు. అందులో కూడా వాటా ఇవ్వాలా, అదీ అత్తకా? కొత్త కోడలిగా ఉన్నప్పుడు అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినమన్న అత్తకు?

రెండువేల తొమ్మిది జూన్‌లో హైదరాబాదునుంచి ఒక మెయిలు వచ్చింది. అక్కడ ఒకావిడ చిన్న ప్రచురణ సంస్థ నడుపుతోంది. ఈ టపాలన్నీ పుస్తకంగా వేస్తామంది. ఫొటో పంపమంది, మీకు ఈ చూపు ఎలా అబ్బిందో ముందుమాటగా రాయమంది. పుష్పావతి ఆ మెయిలు నాలుగుసార్లు చదివి, పాలు పొంగిపోయిన సంగతి వాసన వచ్చాక చూసుకుంది.

పురుషోత్తానికి చెబితే ఆశ్చర్యపోయాడు, సంతోషించాడు కూడా. అబద్ధమెందుకు, నిజంగానే సంతోషించాడు. "పుష్పావతి పురుషోత్తం అని వేయించు. ఫ్యాక్టరీలో అందరికీ చూపిస్తాను. నేను కంప్యూటరు తేకపోయుంటే ఇది అయ్యేదా చెప్పు?" అన్నాడు.

పుష్పావతి ఒళ్ళు భగ్గుమంది. ఆ మంటతోనే కొట్టంలోకి పోయింది. సుబ్బక్క దూడకు గడ్డి వేస్తోంది.

"చూసినావా అత్తా నీ కొడుకుని? కంప్యూటరు తెచ్చినాడంట. అందుకని పుస్తకం ఆయనదంట. నేను రాసింది ఏమీ కాదంట!"

"వాళ్ళ నాయన మాదిరే" అంది సుబ్బక్క తేలిగ్గా. "అదుండనీ. ఏం రాసినావో నాకెప్పుడూ చదవలేదే? ఊర్లోవాళ్ళ పుస్తకాలన్నీ చదివితివి. నీది చదువు, వింటాను."

అప్పుడు గానీ పుష్పావతికి ఆ టపాల్లో ఉన్నవి ఎవరి మాటలో గుర్తు రాలేదు. కాదనడానికి సాకు దొరకలేదు. తప్పులు దిద్దడానికని హోసూరులో ప్రింటు తీయించిన కాగితాలు గూట్లోనే ఉన్నాయి. తెచ్చింది. అరుగు మీద కూర్చుని పెళ్ళి టపా చదివింది. ఎద్దుల టపా చదివింది. ఏడ్చే నాయిక దగ్గరికి వచ్చేసరికి కాగితంలోంచి తలెత్తడం మానేసింది. అయినా చివరిదాకా చదివింది.

సుబ్బక్క కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఇవి నేనడిగినవి కదమ్మా."

"అవునత్తా."

"నువ్వడిగినట్ల ఉండాది."

సుబ్బక్క అరవలేదు, ముఖం కూడా ముడుచుకోలేదు.

"పోనీలే. మన వరిమడి కూడా అంతే. నలభై ఏండ్లు నాట్లేసింది నేను, కలుపు తీసింది నేను. పట్టాలో మీ మామ పేరే ఉండాది ఈ పొద్దుటికీ. ఆయప్ప కూడా దున్నినాడు, లేదనను. నువ్వూ రాసినావు, లేదనను" అని లేచి దూడ దగ్గరికి పోయింది.

రెండు రోజులు పుష్పావతి ఆ మాటతో కొట్లాడింది. అడగడం ఎవరైనా అడుగుతారు, దాన్ని రాయడం మాటలా? కరెంటు పోతే మూడుసార్లు రాసింది ఎవరు? ఎవడో తిడితే మింగుకున్నది ఎవరు? అంతా నిజమే. మామ ఎండలో దున్నిందీ నిజమే కదా. ఈ ముసలామె గట్టిగా అరిచి, నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేది, తనూ పాతవన్నీ తవ్వి పోసి ఏడ్చి తేలికపడేది. మొగుడు కంప్యూటరు చూపించి పుస్తకం తనదన్నాడు. తను కీబోర్డు చూపించి అత్త బుర్ర తనదంది. ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దదో చెప్పమంటే పుష్పావతికి సిగ్గేసింది. బియ్యం కడుగుతూ సిగ్గుపడింది, హోసూరుకు పోయే బస్సులో సిగ్గుపడింది.

మూడోరోజు హైదరాబాదు ఆవిడకు ఉన్నదున్నట్టు రాసింది. పుస్తకం మీద రెండు పేర్లు ఉండాలంది. జవాబు సాయంత్రానికే వచ్చింది. మర్యాదగానే ఉంది. మీ బ్లాగు మీ పేరుతోనే జనానికి తెలుసు, రెండు పేర్లయితే తికమక. ఇప్పటికే వచ్చే నెల ప్రెస్సుకు ఇద్దామనుకుంటున్నాం. అంతగా అనిపిస్తే ముందుమాటలో మీ అత్తగారికి కృతజ్ఞతలు చెప్పండి, చదువురాని అత్తగారు అంటే పాఠకులకు ముచ్చటగా కూడా ఉంటుంది.

"సరిగ్గా చెప్పింది. ఒక ముక్క థ్యాంక్స్ రాసేయ్, అయిపోతాది" అన్నాడు పురుషోత్తం.

ముందుమాటల్లో థ్యాంక్స్ పుష్పావతికి కొత్త కాదు. పెట్టెడు పుస్తకాల్లో చదివింది. ఈ రచన సాగినన్నాళ్ళూ వేళకు కాఫీ అందించి సహకరించిన నా శ్రీమతికి, అని ఉంటుంది. ఆ శ్రీమతికి పేరు ఉండదు. ఆ వాక్యం తన చేత్తో ఇంకో ఆడదానికి రాయాలి ఇప్పుడు.

ప్రింటు కాగితాలు పరుచుకుని పెన్సిలుతో గుర్తులు పెట్టింది. నలభై మూడు టపాలు. సుబ్బక్క మాట ఎక్కడా లేనివి ఎన్నో చూద్దామనుకుంది. ఆరు తేలాయి. ఆ ఆరింటికీ కలిపి వచ్చిన వ్యాఖ్యలు తొమ్మిది, అందులో మూడు ఆ వంకర అక్షరాలు తీసెయ్యమని. కానీ వాటిలో ఒకటి, పుట్టింటి పెట్టెలో చెదలు తిన్న పుస్తకం గురించి రాసినది, మళ్ళీ చదివితే బాగానే ఉంది. ఇది నాదే, ఎవరిదీ కాదు అనుకుంది. ఆ అనుకోవడంలో ఇంతకుముందు లేని నెమ్మది ఉంది.

కాగితాలు పట్టుకుని అరుగు మీదికి వచ్చింది.

"అత్తా, పుస్తకం మీద నీ పేరు కూడా ఉండాలంటా ఉండాను. నీ పేరు ముందర ఏ అక్షరం పెట్టాల? మామదా, మీ నాయనదా?"

సుబ్బక్కను ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. రేషన్ కార్డువాళ్ళూ, పాల సొసైటీవాళ్ళూ అడక్కుండానే రాసేసుకున్నారు.

"ఎవురిదీ వద్దు. మనం చదువుకునేటప్పుడు వాళ్ళు యాడ ఉండారు? ఉత్త సుబ్బక్క అని పెట్టు."

"వాళ్ళు ఒప్పుకోకపోతే పుస్తకమే రాదత్తా."

"నీకి ఫరవాలేదా?"

ఉంది. చాలా ఉంది. ఆ పుస్తకాన్ని ఊహలో ఇప్పటికే పదిసార్లు చేతుల్లోకి తీసుకుని అట్ట నిమిరి చూసుకుంది. ఆ మాటే చెప్పింది. "ఆశగా ఉండాది అత్తా. అయినా పంపిస్తాను" అంది. లోపలికి పోయి రెండు వాక్యాలు కొట్టింది. పేర్లు రెండూ ఉంటేనే వేయండి. లేకపోతే వద్దు. కింద సుబ్బక్క అనీ, పుష్పావతి అనీ పెట్టింది. అలవాటుగా తన పేరు పక్కన పురుషోత్తం అని పడితే దాన్ని చెరిపి, మెయిలు పంపించి బయటికి వచ్చింది.

సుబ్బక్క అక్కడే కూర్చుని ఉంది. పొయ్యి ఇంకా అంటించలేదు. పురుషోత్తం వచ్చే వేళయింది. రోడ్డు మలుపులో ఫ్యాక్టరీ బస్సు హారను కూడా వినబడింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"పంపించినావా?"

"పంపించినాను."

"అయితే కూర్చో. నా పేరు ఉండేదయితే మొదటి నుంచీ చదువు, అంతా వినాల."

పుష్పావతి కూర్చుని పెళ్ళి టపా ఉన్న మొదటి కాగితం తీసింది. మూడో వాక్యం ఇంకా పూర్తి కాలేదు, సుబ్బక్క చెయ్యెత్తింది.

"ఆపమ్మా. నేనట్ల అనలేదు."