మండని పొడి

మిట్టమధ్యాహ్నానికి షెడ్డులో చచ్చిన కోళ్లు ఆరువందలు దాటాయి. బతికున్నవి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. వాటి మధ్య పొట్టు మీద వెల్లకిలా పడి ఉన్నాడు, దాణా వేసే పనివాడు. సూపర్‌వైజరు వంగి అతని మూతి మీద మళ్లీ గుద్దాడు. ఒక పన్ను ఊడి పొట్టులో పడింది.

"పొడి కలపమంటే నిద్రపోయావురా, గాడిదా?"

"కలిపామయ్యా... రోజూ కలిపాం."

పనివాడి పెళ్లాం దాణా బస్తాల దగ్గర కొయ్యబారి నిలబడింది. ఈ ఎండలకు కోడి ఒంట్లోని ఉప్పులన్నీ హరించుకుపోతాయనీ, అందుకే దాణాలో మినరల్ పొడి కలపాలనీ ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆరు వేసవులుగా దాన్ని ఒట్టి చేతులతో కలుపుతున్నది ఆమే. గ్లవుజులు అడిగితే "నువ్వేమన్నా మహారాణివా?" అన్నాడు సూపర్‌వైజరు. పగిలిన వేళ్ల సందుల్లోకి ఆ పొడి దూరితే ప్రాణం లేచిపోయేది.

నాలుగు రోజులుగా మండటం లేదు. హమ్మయ్య, చేతులు మొద్దుబారాయని సంబరపడింది తప్ప, ఎందుకు మండటం లేదని ఒక్కసారీ అనుకోలేదు. తన తెలివితక్కువతనానికి చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

గుమ్మంలో ఓనరు రుమాలుతో ముక్కు మూసుకుని కాగితం చాపాడు. "పొడి కలపడం మర్చిపోయామని రాసుంది, కోళ్లిచ్చిన కంపెనీకి చూపాలి. సంతకం పెట్టు, నీ మొగుణ్ని వదిలేస్తాడు."

పెడితే పనీ పోతుంది, తలదాచుకునే గదీ పోతుంది. పెట్టకపోతే ఈ మనిషి బతికి బట్టకట్టడు.

సూపర్‌వైజరు మళ్లీ పిడికిలెత్తాడు. మొగుడి పళ్లు గీరుకుని ఆ వేళ్ల కణుపులు చీరుకుపోయాయి, నెత్తురు కారుతోంది. ఆమె చూపు అక్కడ ఆగింది.

ఒక్క ఉరుకున వెళ్లి ఆ చెయ్యి ఒడిసిపట్టి, మూతి విప్పి ఉన్న పొడి బస్తాలోకి మణికట్టుదాకా కుక్కింది. వాడు జుట్టు పట్టి గుంజాడు, డొక్కలో తన్నాడు. ఆమె వదల్లేదు.

"పిచ్చి పట్టిందా నీకు? వదులే!" వాడి మొహంలో కోపమే గానీ నొప్పి జాడ లేదు.

"చూశారా అయ్యా! పచ్చి గాయంలో ఇంత పొడి పడ్డా కుయ్యనలేదు. అసలు పొడైతే ఈపాటికి రేకులెగిరిపోయేలా అరిచేవాడు. ఇది ఉత్త సుద్దపొడి! మంచిదంతా ఎక్కడ అమ్ముకున్నాడో అడగండి!"

అరవాలని అప్పుడు గుర్తొచ్చింది వాడికి. "అబ్బా, మంట! మంట!" అంటూ చెయ్యి విదిలించుకుని గెంతులు మొదలుపెట్టాడు. కిందపడున్న మొగుడికి అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. నవ్వితే పెదవి ఇంకా చీరుకుంది.

ఓనరు నవ్వలేదు. "వెళ్లి చెయ్యి కడుక్కోరా," అన్నాడు వాడితో మెల్లగా, సొంత తమ్ముడితో అన్నట్టు. మళ్లీ ఆమె ముందుకు అదే కాగితం చాపాడు. "పెట్టమ్మా."

అంటే ఈయనకూ తెలుసన్నమాట, అమ్మిన డబ్బులో వాటా కూడా ఉండే ఉంటుంది. ఆమె బస్తా మూతి గట్టిగా ముడేసి, దాని మీద కూర్చుంది.

"పెట్టను. పదిమందీ వచ్చి ఈ పొడి చూసేదాకా ఇక్కణ్ణుంచి లేవను."

సూపర్‌వైజరు చెయ్యి కడుక్కోవడానికి వెళ్లలేదు. గోడకు ఆనించి ఉన్న పార అందుకున్నాడు.

పనివాడు చచ్చిన కోళ్లను తోసుకుంటూ పాకి వచ్చి, పెళ్లాం కాళ్లకు అడ్డంగా కూర్చున్నాడు.