మూడో కందెన

పట్టాలు రెండు దారులుగా చీలే చోట, మెట్లెక్కి వెళ్లే క్యాబిన్‌లో పెద్దాయన లీవర్లు లాగేవాడు. పైన లీవరు లాగితే కింద దూరంగా పట్టా నాలుక పక్కకు జరుగుతుంది, బండి దారి మారుతుంది. చుట్టూ కనుచూపు మేర బీడు, దుమ్ము, గాలి. భార్య పోయాక ఆయనకు ఇల్లంటే పడుకునే చోటు, అంతే. అవతలి స్టేషన్‌తో ఫోను ఉంది గానీ, అందులో "బండి వదిలాను", "సరే" తప్ప మూడో ముక్క ఉండదు.

మనిషి మాట చెవిన పడేది మంగళవారాల్లోనే. ఆ రోజు జిడ్డు వచ్చేవాడు. పట్టా నాలుక జారే ఇనుప పలకలను గీకి, తుడిచి, గ్రీజు రాయడం అతని పని. ఆ పేరు పనిని బట్టి వచ్చిందో, పట్టుకుంటే వదలని కబుర్ల వల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు. వచ్చిన మొదటిరోజే మెట్ల మీంచి, "నీకు చెల్లెలుందా?" అని అడిగాడు. లేదన్నాడు పెద్దాయన. "ఉంటే నాకిచ్చేవాడివేగా! అయితే బావవే" అని వరస కలిపేశాడు.

పని కాగానే పైకొచ్చి, చేతులకు కిరసనాయిలు రాసి కడుక్కుని, టీ తాగుతూ లోకంలోని సంగతులన్నీ ఏకరువు పెట్టేవాడు. పెద్దాయన ఊ కొట్టేవాడు. జిడ్డు వెళ్లిపోయిన తర్వాత కూడా ఒక్కోసారి తెలియకుండానే మరో ఊ బయటికొచ్చేది.

ఆ ఏడు ఎండలు ముదరకముందు ఇంజనీరమ్మ వచ్చింది. ఇక్కడికి ఏ కందెన పనికొస్తుందో తేల్చడానికి పట్టాలు చీలే మూడు పాయింట్లకు మూడు రకాలు పెట్టించింది. ఒకదానికి ఎప్పుడూ రాసే నల్ల గ్రీజు, ఒకదానికి గింజల నుంచి తీసిన పల్చటి నూనె, మూడోదానికి చల్లిన వెంటనే బూడిదరంగు పొరలా ఆరిపోయే పొడి కందెన.

"ఏ లీవరు ఎంత బరువుందో నాకు చెప్తూ ఉండండి. దాన్నిబట్టే కొంటాం" అంది.

ఆవిడ వెళ్లాక జిడ్డు మూడో డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఒకసారి చల్లితే నెలల తరబడి ముట్టుకోనక్కర్లేదట బావా. ఇక నేనెందుకు, దండగ!" అని నవ్వాడు. పెద్దాయనకు నవ్వు రాలేదు.

గాలులు మొదలయ్యాయి. నూనె ఒక్క జల్లుకే కొట్టుకుపోయింది. గ్రీజుకు దుమ్ము పట్టి అట్టకట్టింది. ఆ లీవరును రెండు చేతులా పట్టుకుని, కాలు తన్నిపెట్టి లాగితే తప్ప వచ్చేది కాదు. రోజూ భుజం పీకేది. మూడోది మాత్రం ఒంటి చేత్తో వచ్చేసేది.

ఇంజనీరమ్మ ఫోను చేసింది. "ఎలా ఉన్నాయి పెద్దాయనా?"

"ఏముందమ్మా, మూడూ ఒకటే" అన్నాడు. ఫోను పెట్టేసి భుజం నొక్కుకుంటూ కూర్చున్నాడు. మంగళవారానికి ఇంకా చాలా ఉంది.

ఆ మంగళవారం మధ్యాహ్నం పాసింజరు బండి వచ్చే వేళకు గ్రీజు పాయింటు లీవరు సగం దాకా వచ్చి మొరాయించింది. నాలుక పూర్తిగా అతుక్కోనిదే సిగ్నల్ పడదు. బండి దూరాన ఆగి కూతలు పెడుతోంది. కిటికీలోంచి చూస్తే దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. పెద్దాయన ఒంటి బరువంతా లీవరు మీద వేశాడు. ఉన్నట్టుండి అది విసురుగా కదిలింది. కింద కేక వినబడింది.

ఆయన మెట్లు ఎలా దిగాడో తెలియదు. జిడ్డు కంకర మీద కూలబడి ఉన్నాడు. లీవరు రావడం లేదని గ్రహించి, అట్టను గీకడానికి తనే పట్టాల సందున చెయ్యి పెట్టాడట. చెయ్యి ఎలాగో లాక్కున్నాడు. చేతితొడుగు మాత్రం నాలుక కింద నలిగిపోయి ఉంది.

బండిని పంపించాక ఇద్దరూ పైన కూర్చున్నారు. జిడ్డు టీ గ్లాసు పట్టుకున్నాడు గానీ నోరు విప్పలేదు. పెద్దాయన లేచి అతని ముందే ఫోను తీశాడు.

"అమ్మా, మూడూ ఒకటే అన్నాను కదా, కాదు. మూడోదే పెట్టండి. గ్రీజు ఈ దుమ్ముకు పనికిరాదు."

ఫోను పెట్టేశాక జిడ్డు తలెత్తాడు. "నా పొట్ట కొట్టావు కదా బావా."

"చెయ్యంటూ ఉంటే పని ఎక్కడైనా దొరుకుతుంది" అన్నాడు పెద్దాయన. తన గొంతు తనకే కరుకుగా వినబడింది.

జిడ్డు తన వేళ్లను చూసుకున్నాడు. "మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

పెద్దాయన అతని గ్లాసులో ఇంకాస్త టీ పోయబోయాడు. జిడ్డుకు అర్థమైనట్టే ఉంది. మళ్లీ అడగకుండా గ్లాసు కడిగి బోర్లించాడు.

నెల తిరక్కుండానే అతన్ని పెద్ద యార్డుకు మార్చారు. లీవర్లన్నీ తేలికయ్యాయి, భుజం నొప్పి తగ్గింది. చాన్నాళ్లకు కొత్త మనిషొకడు ట్రాలీ మీద వచ్చి, చకచకా చల్లేసి డబ్బా సర్దుకున్నాడు. పెద్దాయన మెట్లు దిగి వెళ్లాడు.

"పైకి రండి, టీ తాగుదురుగాని."

"ఇంకా రెండు స్టేషన్లు చూడాలండీ."

"యార్డులో ఏమిటి విశేషాలు?"

"ఏముంటాయండీ, మామూలే" అని ట్రాలీ ఎక్కేశాడతను.

వానాకాలం చివర్లో ఒక గూడ్సు బండి క్యాబిన్ ముందు నెమ్మదించింది. డ్రైవరు తల బయటపెట్టి, "జిడ్డు నిన్ను అడిగానని చెప్పమన్నాడు!" అని అరిచాడు. పెద్దాయన కిటికీ దగ్గరికి చేరేలోగా ఇంజను దాటిపోయింది. వెనక పెట్టెలు వరసగా పోతూనే ఉన్నాయి.

"నేనూ అడిగానని చెప్పు" అన్నాడు ఆయన వాటితో.