పెద్ద గిన్నె

మామ్మ అడిగింది ఒక్కటే. పోయేలోగా మళ్లీ, గుళ్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు ద్రాక్షరసం తాగే ఆ పెద్ద గిన్నెతో ప్రభు బల్ల తీసుకోవాలి. ఇంక ఇంటికి తీసుకెళ్లిపొమ్మని అనకాపల్లి ఆసుపత్రిలో చెప్పిన రోజు నుంచి అదే మాట.

కశింకోట దగ్గర మా ఊళ్లో ఒకప్పుడు రెండు గుళ్లు ఉండేవట. పేటలో మాదొక మిషను, పైవీధి వాళ్లదొక మిషను. దేవుడు ఒకడే గాని వాళ్ల నూతిలో మేం చేద వేయకూడదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకొందరు కలిసి ఒకే సంఘమయ్యారు. ఆ కలయిక మా ఊరు చేరేసరికి మామ్మకి పదిహేనేళ్లు.

"పైవీధి బుల్లమ్మోళ్లమ్మ తాగి, గిన్నె నా సేతికిచ్చిందే. తుడవలేదు. సంఘం అంటే ఏటో నాకా పొద్దు తెలిసింది," అని ఎన్నిసార్లు చెప్పిందో.

కరోనా వచ్చాక గిన్నె బీరువాలోకి వెళ్లింది. ఎవరి ప్లాస్టిక్ కప్పు వాళ్లదే. జబ్బు పోయినా గిన్నె బయటికి రాలేదు. "ఇదే శుభ్రం," అన్నారు పైవీధి సంఘపెద్ద రాజుబాబు గారు. అప్పటి నుంచి మామ్మ బల్ల తీసుకోలేదు.

సంఘం ఏర్పడిన రోజు పండగకి, సంఘం ఎలా పుట్టిందో రాసి చదవమని పాస్టరు అయ్యగారు నన్ను అడిగారు. రాయడమైతే రాస్తాను. మనుషుల ముందు నాకు గొంతు రాదు. మామ్మ కోసం ఒప్పుకున్నాను. చివర ఒక వాక్యం రాశాను: "మా మామ్మ నూకరత్నానికి ఈ రోజు ఒకే గిన్నెతో బల్ల ఇవ్వమని పెద్దలను వేడుకుంటున్నాను." మామ్మకి చదువు రాదు. నాలుగు రోజులు నా చేత చదివించుకుని మొత్తం బట్టీ పట్టేసింది.

ఆదివారం మామ్మని కుర్చీతో సహా మోసుకొచ్చి, ఆడవాళ్ల వైపు, ఆనాడు గిన్నె అందించినావిడ కూతురు బుల్లమ్మ పక్కన కూర్చోబెట్టారు. నేను మైకు దగ్గరికి వెళ్లాను.

"గట్టిగా సదవే తల్లీ, మైకు కరవదులే," అన్నారు రాజుబాబు గారు. గుడంతా నవ్వింది.

చదివాను. మిషన్లు కలవడం, బళ్లు, ఆసుపత్రులు, మనిషిని మనిషి నుంచి వేరు చేయకపోవడమే సంఘం పని అన్నది కూడా చదివాను. చివరి వాక్యం దగ్గర తలెత్తాను. రాజుబాబు గారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. కాగితం మడిచేశాను.

కప్పుల పళ్లెం వచ్చింది. మామ్మ నా వైపు చూసి, ఒక కప్పు తీసుకుంది. సగం తాగి బుల్లమ్మకి చాపింది.

"ఒద్దప్పా, నాది నాకుంది," అంది బుల్లమ్మ, మెల్లగానే.

మామ్మ చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. వెనక్కి తీసుకుంటుంటే ద్రాక్షరసం చీర మీద ఒలికింది.

ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుని అడిగింది. "ఆకరి ముక్క సదవలేదేటే?"

"మర్చిపోయేను మామ్మా."

"ఔన్లే. పెద్ద కాయితం గదా."

గురువారం మామ్మని మట్టి చేశారు. కాగితం ఈ డైరీలోనే ఉంది. ఒక్క పేజీయే.