నాలుగు పెద్దదా, వెయ్యి పెద్దదా

మా ఆయన బషీర్‌కు అక్షరం కనబడితే చాలు, గొంతెత్తి చదవాలి. ఖిల్లా ఘణపూర్‌లో మా కిరాణా దుకాణానికి వచ్చినవాళ్ళకు వద్దన్నా చదివి వినిపిస్తాడు. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది!

పక్కింటి బాలయ్య పళ్ళ పేస్టు కోసం వచ్చాడు. యాభై నిండకముందే మెడ బిగుసుకుపోయి, నడుము వంగిన మనిషి. మా వీధి బోరింగు నీళ్ళలో పళ్ళు పాడుచేసి ఎముకలు వంచే ఫ్లోరైడ్ ఉందని, పది లక్షల పాళ్ళలో ఒకటిన్నర దాటకూడనిది నాలుగు ఉందని, పరీక్ష చేసినవాళ్ళు తాగొద్దని దానికి ఎర్రరంగు పూసిపోయారు. అప్పటినుంచి కూతురు నవనీతకు నల్లా నీళ్ళే తాగిస్తున్నాడు. అందులో కలిపే క్లోరిన్ మందు వాసనని ఆ పిల్ల ముక్కు మూసుకుంటుంది. ఏడేళ్ళకే పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

"పండ్లు పోతే పోయినయ్, దాని కాళ్ళన్న సక్కగుండాలె" అంటాడు బాలయ్య ఎప్పుడూ.

బషీర్ కళ్ళజోడు పెట్టుకుని చవక పేస్టుదీ, పెద్ద కంపెనీదీ రెండు ట్యూబులూ తిప్పి చూశాడు. "గీ సస్తాదాంట్ల ఫ్లోరైడ్ లేనే లేదు. గీ పెద్ద కంపెనీదాంట్ల వెయ్యి ఉంది."

"మన బోరింగుల నాలుగే గద భాయ్? లెక్క ఒకటేనా?"

"ఒకటే లెక్క."

బాలయ్య మొహం విప్పారింది. "పట్నమోళ్ళు రోజూ వెయ్యి నోట్ల పెట్టుకుంటున్నరు. ఒక్కని నడుమన్న వంగిందా? నాలుగుకు భయపడి పిల్లకు గా మందు నీళ్ళు తాపితిని!"

బషీర్ తలూపాడు. ఆ తలూపుడుకే నాకు ఒళ్ళు మండింది.

"పేస్టు ఉమ్మేస్తం బాలన్నా! నీళ్ళు మింగుతం!" లోపలి నుంచి అరిచాను.

అప్పటికే పెద్ద కంపెనీ పేస్టు పట్టుకుని మెట్లు దిగాడు. వెనక్కి చూడాలంటే ఆయన ఒళ్ళంతా తిప్పాలి. తిప్పలేదు. ఇన్నాళ్ళకు చెవికి ఇంపైన మాట దొరికింది, ఇంక నా మాట ఎందుకు వింటాడు?

సాయంత్రం బోరింగు దగ్గర నవనీత కనబడింది. బిందె నింపి, దోసిలి పట్టి తాగుతోంది.

"వద్దు బిడ్డా!"

"నాయిన తాగమన్నడత్తా. తియ్యగున్నయ్" అని నవ్వింది. చేతుల నిండా నీళ్ళు, నోటికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి లేదు. పళ్ళ మీది మచ్చలన్నీ కనబడ్డాయి.

బిందె లాక్కుని పారబోశాను. పిల్ల బిక్కమొహం వేసుకుని ఇంటికి పరుగెత్తింది. కాసేపటికి బాలయ్యే వచ్చాడు. వంగిన నడుముతోనే బిందె తీసి, మళ్ళీ బోరింగు కింద పెట్టాడు.